రౌటరు ఆయుర్దాయము

ఏలూరు పవరుపేటలోగాని, తాడేపల్లిగూడెం కడకట్లలోగాని, కైకలూరు ఆకివీడుల నడుమ చేపల చెరువుల గట్లవెంబడి వెలసిన పల్లెలలోగాని నేడు ఏ మధ్యతరగతి గృహమున అడుగిడినను, గోడకు మేకువేసి తగిలించినదో, టీవీ బల్లపై ఒక మూల నుంచినదో, రెండు నాలుగు యాంటెన్నాలు గల ఒక చిన్న పెట్టె కానవచ్చును. పిల్లల చదువు, పెద్దల బ్యాంకు లావాదేవీలు, విదేశమున నున్న కుమారునితో ముఖాముఖి సంభాషణ, చెరువుగట్టున అమర్చిన కెమెరా పంపు చిత్రములు – ఇవన్నియు ఆ పెట్టె ద్వారముననే రాకపోకలు సాగించుచున్నను, దానిలోపల ఒక సంపూర్ణమైన కంప్యూటరు రేయింబవళ్లు పనిచేయుచున్నదనియు, దానికిని ఒక ప్రాసెసరు, జ్ఞాపకము, ఆపరేటింగ్ సిస్టము కలవనియు, ఆ సిస్టమునకు కాలానుగుణమైన సంరక్షణ అవసరమనియు తలపోయు గృహస్థులు బహు కొద్దిమంది.

ఆ పెట్టెలోని ఫ్లాష్ జ్ఞాపకమున లిఖింపబడి, కరెంటు వచ్చినంతనే మేల్కొని, తీగలను రేడియోలను నడపు ప్రోగ్రామునకు ఫర్మ్‌వేర్ అని పేరు. తయారీదారు కూర్చి యిచ్చిన ఆ ప్రోగ్రామునకు కొంతకాలము దిద్దుబాట్లు వచ్చుచుండును. పిదప కొత్త నమూనా అంగడిలోనికి దిగును, పాతదానిపై శ్రద్ధ సన్నగిల్లును, దిద్దుబాట్లు నిలిచిపోవును. పెట్టెలోని చిప్పులు ఇంకను పెక్కేండ్లు పనిచేయ సమర్థములై యున్నను, ప్రోగ్రాములో బయటపడిన లోపములను పూడ్చువారు లేకపోవుటచేత అది చెత్తకుప్పకు చేరుచున్నది, లేదా అంతకంటె హానికరముగా, లోపములతోనే ఇంటిలో కొనసాగుచున్నది. ఈ దుస్థితికి విరుగుడు స్వేచ్ఛా ఫర్మ్‌వేర్; అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనునది ప్రధానము. దానిని ఒకసారి ఎక్కించి మురిసిపోవుట కంటె, ఎక్కించిన పిమ్మట క్రమము తప్పక నవీకరించుటయు, నవీకరణలో చిక్కు వచ్చినప్పుడు బెదరక కారణము నన్వేషించుటయు ముఖ్యమని నా దృఢాభిప్రాయము.

లోపములను పూడ్చకున్న ఏమగునని అడుగువారికి రెండు సంఘటనలు చాలును. 2017 అక్టోబరు 16న బెల్జియం దేశపు పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్, వైఫైని కాపాడు డబ్ల్యుపీఏ2 పద్ధతిలోనే ఒక దోషము కలదని క్రాక్ అను పేరుతో లోకమునకు వెల్లడించెను. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి కుటుంబమునకు చెందిన లీడ్ అను శాఖ రెండు దినములలోనే దిద్దుబాటుతో కొత్త వెర్షనును విడుదల చేయగా, తయారీదారులు విడిచిపెట్టిన పాత పెట్టెలకు ఆ భాగ్యము దక్కలేదు. మరుసటి యేడు మే నెలలో వీపీఎన్ ఫిల్టర్ అను దుష్టప్రోగ్రాము 54 దేశములలో 5 లక్షల రౌటర్లలోను, తత్సదృశ పరికరములలోను చొరబడి యుండెనని సిస్కో వారి టాలోస్ బృందము ప్రకటించెను. యజమానులందరు తమ పెట్టెలను ఒకసారి ఆపి మరల వెలిగించవలెనని అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బహిరంగముగా కోరవలసి వచ్చినది.

ఈ స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ పుట్టుక చెప్పుకొనదగినది. 2002 డిసెంబరులో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యుఆర్‌టి54జి అను రౌటరును అమ్మకమునకు తెచ్చెను. 125 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 16 మెగాబైట్ల ర్యామ్, 4 మెగాబైట్ల ఫ్లాష్ దాని సర్వస్వము. అందులో నడచుచున్నది లినక్స్ అని ప్రోగ్రామర్లు పసిగట్టిరి. లినక్స్ జీపీఎల్ అను లైసెన్సు క్రింద లోకమునకు సమర్పింపబడినది. దానిని వాడుకొని వస్తువు నమ్ము వ్యాపారి, కొన్నవారికి దాని సోర్స్ కోడును కూడ అందజేయవలెనని ఆ లైసెన్సు నిబంధన. ఒత్తిడి పెరుగగా, లింక్‌సిస్‌ను అంతలోనే కొనుగోలు చేసిన సిస్కో సంస్థ 2003లో ఆ కోడును బహిర్గతము చేసెను; మరుసటి యేటనే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అవతరించెను. 2016లో అభిప్రాయభేదములచేత లీడ్ అను శాఖగా చీలినవారు 2018లో మరల కలిసిరి. వస్తువును కొన్న మనుజునకు దాని లోపలి ప్రోగ్రామును తెలిసికొను హక్కు కలదన్న ఒక న్యాయసూత్రము వలన ఇంతటి ఉద్యమము పుట్టుట నాకు మిక్కిలి ఆనందము గొలుపు విషయము.

పరికరమునకు తయారీదారు నిర్ణయించిన హద్దును దాటించి మన అవసరమునకు మలచుకొను ఈ సాహసము మన గోదావరి జిల్లాలకు క్రొత్తది కాదు. ఇరువదియేండ్ల క్రిందట బైర్రాజు ఫౌండేషన్ వారు అశ్విని అను పథకమున భీమవరము కేంద్రముగా పశ్చిమగోదావరి పల్లెలకు వైఫై ద్వారముననే బ్రాడ్‌బ్యాండును చేర్చిరి. ఎత్తయిన స్తంభములు నాటి, ఒకదానికొకటి అభిముఖముగా యాంటెన్నాలు బిగించి, దూరవిద్య, వైద్యసలహా మొదలగు సేవలను గ్రామములకు తరలించిరి. ఐఐటీ కాన్పూరు ఆచార్యులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఉత్తరాదిని తాము నెలకొల్పిన డిజిటల్ గాంజెటిక్ ప్లెయిన్స్ ప్రయోగమును, ఈ అశ్విని అనుభవమును చేర్చి 2007లో ఒక శాస్త్రవ్యాసము ప్రకటించిరి. రేడియో పెట్టెల ఖరీదు కంటె వాటిని మోయు స్తంభముల ఖరీదే అధికమని వారు చూపిన లెక్క, చదునైన మన డెల్టాలో నేటికిని సత్యమే. ఆ యేండ్లలోనే, అనగా 2005లో, హిమాలయ పాదమున ధర్మశాలలో డబ్ల్యుఆర్‌టి54జి పెట్టెలలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి నెక్కించి కొండయూళ్లను కలిపినవారు ఉన్నారు. ఆ యేటి జనవరిలో భారతప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను ఆరుబయటకూడ లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించినది. 5 గిగాహెర్ట్జ్ తరంగములకు అట్టి విశాలమైన అనుమతి 2018లో లభించినది.

ఆ దూరపు వైఫైలోని ఒక సూక్ష్మమును ఇచట చెప్పవలెను, ఏలయన కొల్లేటి ప్రాంతపు చెరువుల యజమానులకు అది నేటికిని ఉపకరించును. వైఫైలో ఒక సమాచారపు పొట్లము (ప్యాకెట్) పంపిన పరికరము, అది చేరినదన్న బదులు కొరకు మైక్రోసెకనులలో కొలువదగిన కాలము మాత్రమే వేచియుండి, బదులు రాకున్న పొట్లము పోయినదని తలచి మరల పంపును. రేడియో తరంగము మైక్రోసెకనుకు 300 మీటర్లు పయనించును గనుక, పది కిలోమీటర్ల దూరమునకు పోయి వచ్చుటకే 67 మైక్రోసెకనులు పట్టును. ఇంటి గదుల కొరకు నిర్ణయించిన ఓర్పు అంతవరకు నిలువదు. పొట్లము చేరినను చేరలేదని భ్రమించి పదేపదే పంపుటచేత వేగము క్షీణించును. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో దూరమును మీటర్లలో తెలుపుటకు ఒక గడి కలదు. దానిలో ఇంటికిని చెరువుగట్టునకును గల దూరమును నింపిన ఓర్పు తగినంత పెరుగును. గట్టుమీది కావలిపాకకు ఇంటినుండి వైఫై సాగదీయువారు వాడు టీపీలింక్ సీపీఈ తరగతి పెట్టెలకును, యుబిక్విటీ నానోస్టేషనులలో పెక్కింటికిని ఈ ఫర్మ్‌వేర్ లభించును. నీటి ఉపరితలము తరంగమును ప్రతిఫలింపజేయుటచేత, నేరుగా వచ్చినదియు నీటిమీద సోకి వచ్చినదియు ఒకదానినొకటి రద్దుచేసికొను సందర్భములుండును. చెరువులో నీటిమట్టము మారినప్పుడు బలము మారుట ఇందువలననే. అట్టిచోట యాంటెన్నాను కొంచెము పైకో క్రిందికో జరిపి చూచుట మేలు.

ఇక గృహస్థుని పనికి వత్తము. మొదట పెట్టెను తలక్రిందులు చేసి, అడుగున నంటించిన చీటీలో నమూనా పేరుతోబాటు వెర్షను సంఖ్యను చదువవలెను. ఈ సంఖ్యను ఉపేక్షించుట వలన నశించిన పెట్టెలు అసంఖ్యాకములు. ముందు చెప్పిన డబ్ల్యుఆర్‌టి54జియే ఇందుకు తార్కాణము: 2005లో వచ్చిన దాని అయిదవ వెర్షనులో లినక్స్‌ను తొలగించి, ఫ్లాష్‌ను 2 మెగాబైట్లకు, ర్యామ్‌ను 8 మెగాబైట్లకు కుదించిరి, అయినను డబ్బాపై పేరు మారలేదు. మన అంగళ్లలో విస్తారముగా అమ్ముడుపోవు నమూనాలకును ఒకే పేరున పలు వెర్షనులు, దేశమునకొక రూపము కలవు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారి పట్టికలో నమూనాయు వెర్షనును రెండును సరిపోయిననే ముందుకు సాగవలెను. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ గల ముసలి పెట్టెలకు ఇటీవలి వెర్షనులలో స్థానము లేదు. కొత్తగా కొనువారు 16 మెగాబైట్ల ఫ్లాష్, 128 మెగాబైట్ల ర్యామ్‌కు తక్కువ కానిదానిని ఎంచుకొనుట వివేకము. ఫైబరు తీగను ఇంటిలో అందుకొను పెట్టె, అది ఏపీ ఫైబర్‌నెట్‌దైనను మరియొకరిదైనను, ఆపరేటరు అధీనములోనిది. దాని ఫర్మ్‌వేర్ జోలికి పోరాదు. దాని వెనుక మన సొంత రౌటరును ఉంచి, మన ప్రయోగములన్నియు ఆ రౌటరుకే పరిమితము చేసికొనవలెను.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి నిర్మాణము తెలిసిననేగాని నవీకరణలోని మర్మము బోధపడదు. ఫ్లాష్‌లో మొదట పెట్టెను మేల్కొలుపు బూట్‌లోడరు, పిదప లినక్స్ కెర్నెలు, దానిని అంటి చదువుటకే గాని మార్చుటకు వీలులేని మూలభాగము, చివర మన మార్పులు నిలుచు భాగము ఉండును. అచ్చుపుస్తకముపై పారదర్శకమైన కాగితము పరచి దానిపై వ్రాసికొన్నట్లు, మనము పెట్టిన పాస్‌వర్డులు, చేర్చిన ప్యాకేజీలు అన్నియు ఈ పైభాగముననే నిలుచును. నవీకరణలో మూలభాగము సమూలముగా మారును. పైభాగము తుడిచివేయబడి, భద్రపరచుమని మనము కోరిన సెట్టింగులు మాత్రము మరల ప్రతిష్ఠింపబడును. చేర్చిన ప్యాకేజీలు సెట్టింగులు కావు, గనుక అవి పోవును. నవీకరణ ముగిసినంతనే ప్రకటనలను అడ్డగించునదియు, వీపీఎన్‌ను నడపునదియు మాయమైనవని కలతపడువారు ఈ ఒక్క సంగతి నెరిగిన చాలును: ముందుగా ప్యాకేజీల జాబితా వ్రాసియుంచి, తరువాత మరల చేర్చుకొనవలెను, లేదా జాబితాతో సహా ఫర్మ్‌వేర్‌ను కూర్చి యిచ్చు అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ అను సౌకర్యమును వాడుకొనవలెను.

పని నారంభించుటకు పూర్వము బ్యాకప్ ఫైలును కంప్యూటరులోనికి దించుకొనవలెను. దీనితోబాటు, రేడియోను ఫ్యాక్టరీలో సవరించిన కొలతలును మాక్ అడ్రసులును గల చిన్న విభాగమును – కొన్ని పెట్టెలలో ఏఆర్‌టి అనియు, కొన్నింట ఫ్యాక్టరీ అనియు దానికి పేరు – ఒక ప్రతి తీసి దాచవలెను. ప్రతి పెట్టెకును అది ప్రత్యేకము, పోయిన మరెచ్చటను దొరకదు. దించిన ఫర్మ్‌వేర్ ఫైలునకు ప్రకటించిన ఎస్‌హెచ్ఏ256 సంఖ్యతో మన ఫైలు సంఖ్యను పోల్చి చూడవలెను. తయారీదారు ఫర్మ్‌వేర్ నుండి మారునప్పుడు వాడవలసినది ఫ్యాక్టరీ ఫైలు, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి నుండి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టికి మారునప్పుడు వాడవలసినది సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు. వైఫై మీద కాక, తీగతోనే కంప్యూటరును కలుపవలెను. అన్నిటికంటె మించి, ఫ్లాష్ వ్రాయుచుండగా కరెంటు పోరాదు; వేసవి మధ్యాహ్నములందును, గాలివాన సూచన ఉన్న రాత్రులందును ఈ పని పెట్టుకొనక, ఇన్వర్టరుమీద పెట్టెను నడపుచు నిశ్చింతగా చేయవలెను. వ్రాత సాగునంతసేపు దీపములు వింతగా మినుకుమినుకుమనుట సహజము. పెట్టె మొరాయించినదని తొందరపడి ప్లగ్గు పీకినవాడే దానిని చంపినవాడగును.

ఒక వెర్షను శ్రేణినుండి మరియొకదానికి దాటునప్పుడు మాత్రము విడుదల పత్రమును సాంతము చదువవలెను. 2021లో వచ్చిన 21.02 శ్రేణిలో చాల పెట్టెలకు తీగల సాకెట్లను నడపు పద్ధతియే మారినది. పాత సెట్టింగులను మోసికొనిపోయిన కొత్త పద్ధతికి అవి అర్థము కావు. అట్టిచోట ఫర్మ్‌వేరే హెచ్చరించును. సెట్టింగులను వదలి, మొదటినుండి చేతితో నింపుకొనుటయే శ్రేయస్కరము. బ్యాకప్ ఫైలును అప్పుడు తిరిగి ఎక్కింపక, తెరచి చదువుకొనుటకు మాత్రమే వాడవలెను.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిన పిదప ఎదురగు చిక్కులలో చాలభాగము చెడిపోవుట వలన కలుగునవి కావు. తొలిసారి ఎక్కించినప్పుడు వైఫై కనబడదు. కారణమేమన, భద్రత కొరకు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వైఫైని ఆర్పియే యుంచును, తీగతో ప్రవేశించి పాస్‌వర్డు పెట్టి మనము వెలిగించవలెను. 5 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రము కనబడకున్న, దేశముగా భారతదేశమును ఎంచితిమా లేదా అని చూడవలెను; దేశము తెలియని రేడియో అనేక చానళ్లలో పలుకుటకు సాహసింపదు. కొన్ని చానళ్లలో రాడారు లేదని ఒక నిమిషము ఆలకించిన తరువాతనే ప్రసారము మొదలగును, గనుక ఆలస్యమును లోపమని భ్రమింపరాదు.

మన ప్రాంతమున అత్యధికముగా వేధించు చిక్కు వేరొకటి కలదు. ఆపరేటరు పెట్టెకు 192.168.1.1 అను అడ్రసు తరచుగా ఉండును. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టియు పుట్టుకతో అదే అడ్రసును ధరించును. ఒకే సంఖ్య రెండు వైపులను ఉన్నప్పుడు పొట్లము ఎటు పోవలెనో రౌటరు నిర్ణయింపజాలదు. వైఫై బలముగా ఉండియు ఇంటర్నెట్ శూన్యమగును. మన రౌటరు అడ్రసును 192.168.2.1 అని మార్చిన చాలును, రోజుల తరబడి సాగిన వెతుకులాట నిమిషములో ముగియును. అప్పటికిని రాకున్న మూడు విషయములు విచారింపవలెను: ఆపరేటరు పీపీపీఓఈ యూజరు పేరు, పాస్‌వర్డు ఇచ్చెనా, ఇచ్చినచో అవి సరిగా నింపితిమా; వీల్యాన్ సంఖ్య ఏదైన నిర్ణయించెనా; పాత రౌటరు మాక్ అడ్రసును తన పుస్తకమున కట్టివేసెనా. మూడవదైనచో పాత అడ్రసునే కొత్త సెట్టింగులో నింపవచ్చును, లేదా ఆపరేటరునకు ఫోను చేసి మార్పించవచ్చును.

కొన్ని సైటులు తెరుచుకొనుచు, కొన్ని సగములో నిలిచిపోవుట మరియొక విచిత్రము. సాధారణముగా పొట్లము పరిమాణము 1500 బైట్లు. పీపీపీఓఈ తన కొరకు 8 బైట్లు తీసికొని 1492 మిగుల్చును. ఈ తగ్గింపును అవతలివారికి తెలుపు ఏర్పాటును ఎవరైన ఆర్పివేసిన, పెద్ద పొట్లములు దారిలో అంతరించును. ఫైర్‌వాల్ పుటలో ఇంటర్నెట్ వైపు గల ఎంఎస్ఎస్ క్లాంపింగ్ గడిని మరల గుర్తుపెట్టిన సరిపోవును.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారియు ఇంటర్నెట్ కొంతసేపు మూగబోవుచున్నదని చెప్పువారి పెట్టెలలో, ముఖ్యముగా డీఎన్ఎస్‌ను రహస్యలిపిలో పంపుకొను వారి పెట్టెలలో, దోషము గడియారములో ఉండును. ఇంటి రౌటర్లలో చాలవాటికి బ్యాటరీ గడియారము లేదు. లేచినప్పుడు వాటికి గతకాలమే వర్తమానము. సరియైన కాలము తెలియనిదే భద్రతా పత్రములను నమ్మలేదు, పత్రములను నమ్మనిదే డీఎన్ఎస్ పనిచేయదు, డీఎన్ఎస్ లేనిదే కాలము చెప్పు సర్వరు పేరును అడ్రసుగా మార్చుకొనలేదు. ఈ వలయమును ఛేదించుటకు కాలము చెప్పు సర్వరును పేరుతో కాక ఐపీ అడ్రసుతో వ్రాసియుంచుట సులభోపాయము. కారణము తెలిసిన పిదప ఇంత సొగసుగా విడిపోవు చిక్కు మరియొకటి నాకు కనబడదు.

రౌటరు అసలే లేవకున్నను నిరాశ పడరాదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టికి ఫెయిల్‌సేఫ్ అను ఆపద్ధర్మస్థితి కలదు: పెట్టెను వెలిగించి, దీపము వేగముగా మినుకుమను క్షణమున బటను నొక్కిన, మన సెట్టింగులనన్నిటిని ప్రక్కకు నెట్టి మూలభాగముతో మాత్రము అది లేచును. కంప్యూటరునకు 192.168.1.2 అని అడ్రసు పెట్టి, తీగతో కలిపి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించి, తప్పు సెట్టింగును దిద్దవచ్చును, లేదా ఫస్ట్‌బూట్ అను ఆజ్ఞతో పైభాగమును తుడిచివేయవచ్చును. మూలభాగమే చెడినప్పుడు బూట్‌లోడరు రక్షించును. టీపీలింక్ ఆర్చర్ సీ7 వంటి పెట్టెలలో రీసెట్ బటను నొక్కిపట్టి వెలిగించిన, అది 192.168.0.66 అను అడ్రసు గల కంప్యూటరునుండి, నిర్ణీతమైన పేరు గల ఫైలును టీఎఫ్‌టీపీ పద్ధతిలో తానే అడిగి తీసికొనును. అదియు విఫలమైన, పెట్టె విప్పి సీరియల్ తీగ కలుపుట మిగిలియుండును. దాని విద్యుత్తు 3.3 వోల్టులకు మించరాదు, 5 వోల్టులు తగిలించిన చిప్పు మాడిపోవును. ఇంతదూరము పోవుట తెలిసినవారి సాయముతో మాత్రమే తగును.

కొల్లేటి గాలిలోని తేమ అడాప్టరు పిన్నులను, తీగ కొసలను త్రుప్పు పట్టించును. తరచు రీస్టార్టగు రౌటరునకు ఫర్మ్‌వేర్‌ను నిందించుటకు పూర్వము అడాప్టరును మార్చి చూడవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలో పడి లంకగ్రామముల దారులను ముంచినప్పుడు, బయటిలోకముతో మాటలాడుటకు ఫోనును ఇంటర్నెట్టును ఎంతటి ఆధారములో ఆ ప్రాంతవాసులకు విదితమే. అట్టి సమయమున చిన్న 12 వోల్టుల యూపీఎస్ మీద నడచు రౌటరు విలాసవస్తువు కాదు.

2015లో తాడేపల్లిగూడెమున నెలకొన్న నిట్ విద్యార్థులకును, ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులకును నాదొక విన్నపము: మీ వీధిలో దిద్దుబాట్లు ఆగిపోయిన పాత రౌటర్లను సేకరించి, పనికి వచ్చువానికి కొత్త ఫర్మ్‌వేర్ నెక్కించి, లంకగ్రామముల పాఠశాలలకు ఇండు. పాఠకులు ఈ సాయంకాలమే తమ పెట్టె అడుగునున్న నమూనా పేరును, వెర్షను సంఖ్యను, ఆపరేటరు ఇచ్చిన యూజరు పేరును, పాస్‌వర్డును ఒక కాగితమున వ్రాసి బీరువాలో భద్రపరచుకొనవలెను.